29 ఏళ్లు లెక్కలోకి రావా?

పోయిన నెలలో రాయచోటి దగ్గరున్న మా ఊరికి వెళ్లాను. చిన్నాన్నకు కంటి శుక్లం ఆపరేషన్ అయి అప్పటికి పది రోజులు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పైమిద్దె మీద నులక మంచంలో కూర్చుని ఉన్నారు. కొన్నాళ్లు ఫోను చూడవద్దని డాక్టరు చెప్పడంతో, కుటుంబం గ్రూపులో వచ్చే వాటిని ఎవరు దొరికితే వాళ్లతో చదివించుకుంటున్నారు. ఆ సాయంత్రం నేను దొరికాను.

మా పెదనాన్న కొడుకు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగి. వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఆ తర్వాత విదేశాల్లో ఉండాలనుకునేవాళ్లకు ఏ దేశం ఎలాంటి దీర్ఘకాల వీసా ఇస్తోందో చెప్పే జాబితా ఒకటి ఆ రోజు పొద్దున గ్రూపులో పెట్టాడు. చదివి వినిపించాను. థాయ్‌లాండ్‌కు వయసు 50 నిండితే చాలు, అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు వేయాలి, లేదా నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం చూపాలి. మలేసియాలో 2002 నుంచి ‘మలేసియా నా రెండో ఇల్లు’ అనే పథకం ఉంది. దానికి వెండి, బంగారం, ప్లాటినం అని మెట్లు పెట్టారు. వెండి మెట్టు ఎక్కాలంటేనే లక్షన్నర డాలర్ల డిపాజిట్ కావాలి. దుబాయిలో 55 ఏళ్లు దాటినవాళ్లకు ఐదేళ్ల వీసా. పది లక్షల దిర్హాముల పొదుపో, ఆస్తో ఉండాలి, అంటే మన డబ్బులో రెండు కోట్లకు పైనే. లేదంటే నెలనెలా గట్టి ఆదాయం రావాలి. పోర్చుగల్ అయితే పింఛనో అద్దెలో క్రమంగా వస్తున్నట్టు చూపిస్తే సరిపోతుంది.

అంతా విని చిన్నాన్న అడిగారు. “ఇందులో కువైట్ ఉందా నాయనా?”

“లేదు చిన్నాన్నా.”

“ఈ వీసాలు ఇచ్చేది ఆ దేశంలో అంతకుముందు ఎన్నేళ్లు ఉన్నవాళ్లకు?”

“ముందు ఉండనక్కర్లేదు. ఒక్కరోజు కూడా ఉండనక్కర్లేదు. డబ్బు చూపిస్తే చాలు.”

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు. “నేను 29 ఏళ్లు ఉన్నాను కదా” అన్నారు. కోపంగా అనలేదు. తన లెక్కలో ఏదైనా తప్పు పోయిందేమో చూసుకుంటున్నట్టు అన్నారు.

ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ఒక మనిషి ఒక నేల మీద ఎన్నేళ్లు బతికాడు అన్నదానికి వీసా లెక్కల్లో విలువ ఉండాలి, అది బ్యాంకు డిపాజిట్ కన్నా తక్కువ కాకూడదు అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకనిపిస్తోందో, ఎక్కడెక్కడ నాకే సందేహం కలుగుతోందో ఇక్కడ రాసుకుంటున్నాను.

బిస్కెట్ల డబ్బాలో 14 బతాకాలు

చిన్నాన్న 1993లో కువైట్ వెళ్లారు. 1990లో ఇరాక్ దండెత్తినప్పుడు అమ్మాన్ మీదుగా విమానాల్లో తిరిగి వచ్చిన దాదాపు లక్షా డెబ్బై వేల మంది భారతీయుల్లో మా ఊరివాళ్లూ ఉన్నారు. యుద్ధం అయిపోయాక వాళ్లు మళ్లీ వెళ్తూ ఊళ్లోవాళ్లకు వీసాలు చూశారు. అలా వెళ్లిన వాళ్లలో ఆయన ఒకరు. ఖాదిం వీసా మీద, అంటే ఇంటి పనివాళ్లకిచ్చే వీసా మీద, ఒక ఇంట్లో డ్రైవరుగా చేరారు. ఆ ఇంటి పిల్లలను బడికి దింపడం, సాయంత్రం తీసుకురావడం, మధ్యలో మార్కెట్టు. ఏడేళ్ల తర్వాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, రిలీజు ఇస్తే కంపెనీ పనివాళ్లకిచ్చే షూన్ వీసాకు మారి, ఒక కంపెనీలో సరుకుల వ్యాను నడిపారు. ఇక అన్నేళ్లూ అదే పని.

ఆయన బీరువాలో నీలం రంగు రేకు డబ్బా ఒకటి ఉంది. గల్ఫు నుంచి ఎవరు వచ్చినా తెచ్చే వెన్న బిస్కెట్ల డబ్బా. దాంట్లో రబ్బరు బ్యాండు వేసి పెట్టిన పాత బతాకాలు, అంటే కువైట్‌లో ఉన్నవాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డులు, 14 ఉన్నాయి. మంచం మీద వరుసగా పేర్చి చూశాను. మొదటి కార్డులో మీసం నల్లగా, ఒత్తుగా ఉంది. కెమెరాను చూసి బెదిరినట్టు కళ్లు పెద్దవిగా తెరిచారు. ఐదో కార్డుకు వచ్చేసరికి బుగ్గలు నిండాయి. తొమ్మిదో దాంట్లో చెవుల పక్కన నెరుపు మొదలైంది. చివరి కార్డులో జుట్టు మళ్లీ నల్లబడింది. “రంగు వేయించుకున్నాను. ముసలివాడిలా కనబడితే అకామా కొట్టరేమోనని” అన్నారు. అకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి. ఆయన కార్డులను నేను పేర్చిన వరుసలోనే తీసి, అంచులు సమంగా తట్టి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేశారు.

వాటి కింద నాలుగు పాస్‌పోర్టులు. మొదటి మూడింటిలో పేజీ పేజీకీ అకామా స్టిక్కర్లు. 2019 మార్చి నుంచి పాస్‌పోర్టు మీద స్టిక్కరు వేయడం అక్కడ ఆపేశారు, వివరాలన్నీ బతాకాలోకి వెళ్లాయి. అందుకే నాలుగో పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలు నాలుగైదు తప్ప పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ పుస్తకం ఒక్కటే చేతికిస్తే, ఈయన ఆ దేశంలో మూడు దశాబ్దాలు బతికారని ఎవరూ చెప్పలేరు.

ఆరు నెలలు దాటి బయట ఉంటే అకామా పోతుందన్నది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. 2004లో మా నాయనమ్మ మంచాన పడింది. చిన్నాన్న సెలవు పెట్టి వచ్చి ఐదు నెలల ఇరవై రోజులు ఆమె పక్కనే ఉన్నారు. రేపో మాపో అన్నట్టుండేది ఆమె పరిస్థితి. గడువు ముంచుకొస్తోందని, ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్ల అప్పు ఇంకా తీరలేదని, కన్నీళ్లతోనే చెన్నై బస్సెక్కారు. ఆయన వెళ్లిన తొమ్మిదో రోజున నాయనమ్మ పోయింది. ఏళ్లు లెక్క పెట్టని దేశం ఆ ఆరు నెలలను మాత్రం రోజులతో సహా లెక్క పెట్టింది. నా వాదన అంతా ఆ తొమ్మిది రోజుల దగ్గర మొదలవుతుంది.

డిగ్రీ లేని 60 ఏళ్లు దాటినవాళ్లకు పని అనుమతి కొనసాగించబోమని కువైట్ 2021లో నిబంధన తెచ్చింది. గొడవ జరిగాక 2022లో సడలించారు. ఏడాదికి 250 దినార్ల అదనపు రుసుము, దానిపైన సుమారు 500 దినార్ల ఆరోగ్య బీమా కడితే ఉండవచ్చన్నారు. చిన్నాన్నకు ఆ ఏడాదే 60 నిండాయి. జీతం 180 దినార్లు. రుసుమూ బీమా కలిపితే నాలుగు నెలల జీతం దాటుతుంది. కంపెనీ కట్టనంది. ఆయన కట్టలేనన్నారు. గది ఖాళీ చేసి, రెండు అట్టపెట్టెలు తాడుతో కట్టుకుని వచ్చేశారు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం వచ్చే సర్వీసు డబ్బు ఎన్నేళ్లు చేసినా ఏడాదిన్నర జీతం దాటదు. ఆ డబ్బుతో కట్టిందే మేం కూర్చున్న పైమిద్దె.

దేన్ని చూసి ఉండనిస్తున్నారు?

దేశాలు పరాయివాళ్లను ఎక్కువకాలం ఉండనివ్వడానికి చూసే వాటిలో మొదటిది డబ్బు. దాని సంగతి పైన చెప్పాను. సౌదీ కూడా 2019లో ప్రీమియం నివాసం తెచ్చింది. 8 లక్షల రియాళ్లు కడితే శాశ్వతం, లక్ష కడితే ఏడాది.

రెండోది రక్త సంబంధం. ఇది కడప పట్టణంలో ఎవరినడిగినా చెబుతారు. ఎర్రముక్కపల్లెలో మా పక్కింటి మాస్టారు దంపతులు ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గర, ఆరు నెలలు ఇక్కడ. కూతురు అక్కడి పౌరురాలైంది కాబట్టి తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టవచ్చు, వాళ్లకు ఏటా ఇన్నే అన్న పరిమితి కూడా లేదు. కెనడాలో కొడుకు ఉన్నవాళ్లు సూపర్ వీసా మీద వెళ్లి ఒక్కో విడతకు ఐదేళ్ల దాకా ఉంటున్నారు. మంచిదే. ముసలితనంలో పిల్లల దగ్గర ఉండనివ్వడం కన్నా మంచి పని ఏముంటుంది?

కానీ ఆ రక్త సంబంధం చిన్నాన్నకు ఎందుకూ పనికి రాలేదు. ఆయన కొడుకు, అంటే నా తమ్ముడు, ఇప్పుడు కువైట్‌లోని ఫర్వానియాలోనే ఉన్నాడు. తండ్రి ఉన్న గదికి రెండు వీధుల అవతల. ఏసీ మెకానిక్కు, జీతం 260 దినార్లు. 2024లో కుటుంబ వీసాలు తిరిగి మొదలుపెట్టినప్పుడు పెట్టిన షరతు నెలకు 800 దినార్ల జీతం. భార్యాపిల్లలనే తెచ్చుకోలేని వాడు తండ్రినేం తెచ్చుకుంటాడు? 29 ఏళ్లు బతికిన ఊళ్లో, కొడుకు ఉన్న ఊళ్లో, చిన్నాన్న ఇక కొన్నాళ్ల చూపు కోసం వచ్చే కొత్త మనిషి మాత్రమే.

మూడోది కాలం. దీన్ని లెక్కించేవాళ్లు లేకపోలేదు. ఐరోపా సమాఖ్య 2003లో ఒక ఆదేశం చేసింది. సభ్య దేశంలో చట్టబద్ధంగా, విరామం లేకుండా ఐదేళ్లు ఉన్న పరాయి దేశస్థులకు దీర్ఘకాల నివాసి హోదా ఇవ్వాలన్నది దాని సారాంశం. ఆదాయం, బీమా చూపాలి, నిజమే. కానీ తలుపు తెరిచేది ఆ ఐదేళ్లే. అమెరికా చట్టంలో రిజిస్ట్రీ అనే పాత ఏర్పాటు ఉంది. ఫలానా తేదీకి ముందు నుంచి అక్కడే ఉంటున్నవాళ్లు, అనుమతి లేకుండా వచ్చినా సరే, మంచి నడవడి ఉంటే శాశ్వత నివాసానికి అడగవచ్చు. ఆ తేదీ 1972 జనవరి 1. 1986లో దాన్ని చివరిసారి మార్చారు, ఆ తర్వాత ముందుకు జరపలేదు. అంటే ఆ సూత్రం పుస్తకంలో ఉన్నా ఇప్పుడు దానితో తలుపు తెరుచుకునేవాళ్లు దాదాపు మిగల్లేదు.

గల్ఫులోనూ ఒక ఉదాహరణ ఉంది. ఖతార్ 2018లో శాశ్వత నివాస చట్టం చేసింది. బయట పుట్టినవాళ్లయితే 20 ఏళ్లు అక్కడ ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. తర్వాతి వాక్యం చదివాక అంత లేదు. ఏడాదికి 100 మందికే, తగిన ఆదాయం కూడా ఉండాలి. అయినా ఒక గల్ఫు దేశం తన చట్టంలో ‘20 ఏళ్లు’ అని రాసుకుంది. కాలానికి విలువ కట్టడం అక్కడ అసాధ్యం కాదని ఆ ఒక్క మాట చెబుతోంది.

ఎదురుమాటలు

ఈ విషయం మా ఇంట్లోనే చర్చకు పెట్టాను. మొదట కొట్టిపారేసింది నా భార్య. “వెళ్లేటప్పుడు ఆయనకు తెలియదా? కాంట్రాక్టు మీద వెళ్లారు, జీతం తీసుకున్నారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు, ఇల్లు కట్టారు. ఉండనిస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు కదా.” మాట ఇవ్వలేదు, నిజమే. కానీ రెండేళ్లకని రాసుకున్న కాగితాన్ని ఒకే మనిషి పేరు మీద పద్నాలుగుసార్లు కొత్తది చేస్తూ పోతే, ఆ పద్నాలుగోసారికి అది మొదటి కాగితం లాంటిదేనా? కౌలుకు ఇచ్చిన చేను విషయంలోనే మనం అలా అనుకోం. తరతరాలుగా దున్నుతున్న కౌలుదారుకు ఏదో ఒక హక్కు ఉండాలని ఈ దేశంలో చట్టాలు చేసుకున్నాం. మనిషి ఆయుష్షు చేను కన్నా తక్కువదేమీ కాదు.

రెండో మాట కువైట్ వైపు నుంచి. అక్కడి జనాభాలో మూడింట రెండు వంతులు బయటివాళ్లే. పాతికేళ్లు ఉన్నవాళ్లందరినీ ఉండిపొమ్మంటే సొంత దేశంలో ఇప్పటికే తక్కువగా ఉన్నవాళ్లు ఇంకా తక్కువైపోతారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన ఊళ్లో మూడిళ్లకు రెండిళ్లు బయటివాళ్లవైతే మనం ఎలా ఉండేవాళ్లమో ఆలోచిస్తే అర్థమవుతుంది. అందుకే పౌరసత్వం గురించి నేను మాట్లాడటం లేదు. ఓటు, ఉద్యోగం, సబ్సిడీ ఏవీ అడగడం లేదు. నేనడిగేది దుబాయి 55 ఏళ్ల ధనవంతుడికి ఇస్తున్న ఆ ఐదేళ్ల కాగితమే. దాన్ని డిపాజిట్టు చూసి ఇచ్చినట్టే బతాకాలు చూసి కూడా ఇవ్వమంటున్నాను.

మూడో మాట చెప్పింది గల్ఫు నుంచి తిరిగొచ్చి కడప వైవీ స్ట్రీటులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న మిత్రుడు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇతని మాటే. “నువ్వు 20 ఏళ్లకు హక్కు అని రాయించు. 19వ ఏట అందరినీ క్యాన్సిల్ కొట్టి పంపిస్తారు. ఇప్పుడు కనీసం 60 దాకా చేయనిస్తున్నారు, నీ పుణ్యమా అని అదీ పోతుంది” అన్నాడు. రెండు రోజులు దీనికి జవాబు దొరకలేదు. హక్కు దగ్గరపడుతున్న కొద్దీ మనిషిని వదిలించుకోవాలనుకునే యజమానులు ఎక్కడైనా ఉంటారు, మన ఊళ్లో కూడా ఉన్నారు. ఇప్పటికి నాకు తోచింది ఇది. ఆ హక్కు పని చేస్తుండగా రాకూడదు, పని అయిపోయాక రావాలి. ఒకే కఫీల్ దగ్గర, విరామం లేకుండా అన్న షరతు ఉండకూడదు. మొత్తం ఏళ్లు కూడితే చాలు. అప్పుడు 19వ ఏట పంపేసి యజమాని మిగుల్చుకునేది ఏమీ ఉండదు, భరించేదీ ఉండదు. ఎందుకంటే ఆ వీసాతో అతనికి సంబంధమే లేదు. ఇది పూర్తి జవాబని అనను. ఇరవైకి ఒక్క ఏడు తక్కువైన మనిషి కన్నీళ్లకు ఇందులో జవాబు లేదు.

నాలుగోది, నిజంగా కావలసింది వీసా కాదు, ఇక్కడ పింఛను అనే మాట. దీన్ని నేను తలవంచి ఒప్పుకుంటాను. గల్ఫు కార్మికుల కోసం కేంద్రం 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని ఒక పింఛను పథకం పెట్టింది, చేరేవాళ్లు లేక 2017లో ఎత్తేశారు. అలాంటిది ఒకటి ఉందని చిన్నాన్నకు నేను చెప్పేదాకా తెలియదు. కేరళలో ప్రవాసుల సంక్షేమ బోర్డు ద్వారా తిరిగి వచ్చినవాళ్లకు పింఛను వస్తోంది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఇన్ని వేల మంది వెళ్లి వచ్చినా మనకు అలాంటి అలవాటు పడలేదు. అది కావాలి, ముందు కావాలి. కానీ చిన్నాన్న అడిగింది వేరు. “నాకు డబ్బు ఏర్పాటు చేస్తారా” అని ఆయన అడగలేదు. “నేను ఉన్న చోటికి నేను వెళ్లవచ్చా” అని అడిగారు. కడుపు నింపితే ఈ రెండో ప్రశ్న తీరదు.

పుట్టపర్తిలో ఎర్ర పెన్ను గీతలు

కువైట్‌ను ఇంతగా తప్పుపట్టడానికి ముందు మన ఇంటి సంగతి చూసుకోవాలి. నాకది తెలిసివచ్చింది పుట్టపర్తిలో. అమ్మ గుండె పరీక్షల కోసం అక్కడి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి వెళ్లి ఐదు రోజులు ఒక ఇంట్లో గది తీసుకుని ఉన్నాం. పై గదిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. వయసు 76. మొదటిసారి 1984లో వచ్చారట. అప్పటి నుంచి ఏటా వస్తున్నారు. బాబా 2011లో వెళ్లిపోయాక తోటివాళ్లు చాలామంది రావడం మానేశారు, ఈవిడ మానలేదు. పొద్దున కూరగాయల బండి ఆవిడతో “కొత్తిమీర వాడిపోయింది, రేపు మంచిది తీసుకురా” అని తెలుగులో చెప్పడం నేను విన్నాను. యాసలో అనంతపురం తగిలింది.

ఒకరోజు అమ్మకు ఆవిడ గదిలో కాఫీ ఇచ్చారు. గోడకు ఇక్కడ దుకాణాల్లో ఉచితంగా ఇచ్చే తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. తిథి, నక్షత్రం, రాహుకాలం ఉన్న గళ్లలో రోజుకో ఎర్ర పెన్ను గీత. ప్రతి గీత పక్కన చిన్న అంకె. 155, 156, 157. అది 157వ రోజు. “ఇంకా 23” అన్నారు అమ్మతో. ఈ-టూరిస్టు వీసా మీద ఏడాదిలో 180 రోజులకు మించి ఉండకూడదు. ఆ 23 రోజులూ అయిపోతే ఇంగ్లండులో చెల్లెలి కూతురి ఇంటికి వెళ్లి మళ్లీ జనవరి కోసం చూస్తారు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ ఇంటి యజమాని 24 గంటల్లోగా విదేశీయుల రాక తెలిపే ఫారం నింపి పంపాలి. అది చట్టం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ 40 ఏళ్లుగా వస్తున్న మనిషికీ, నిన్న మొదటిసారి దిగిన మనిషికీ ఆ కాగితం మీద తేడా ఏమీ లేదు.

ఆవిడకు ఇంకే దారి ఉందో చూశాను. ఓసీఐ కార్డు జీవితకాలం పనిచేస్తుంది, కానీ మన మూలాలు ఉండాలి, లేదా మనవాళ్లను పెళ్లాడి ఉండాలి. అదీ రక్త సంబంధమే. 2016లో మనమూ శాశ్వత నివాస హోదా తెచ్చాం. ఏడాదిన్నరలో పది కోట్లు గానీ, మూడేళ్లలో పాతిక కోట్లు గానీ పెట్టుబడి పెట్టి, ఏటా ఇరవై మందికి ఉద్యోగాలివ్వాలి. అది డబ్బు. పుదుచ్చేరి దగ్గర దేశదేశాలవాళ్లు కలిసి ఉండే ఆరోవిల్ లాంటి కొన్ని చోట్ల చేరేవాళ్లకు ఎంట్రీ వీసా ఏర్పాటు ఉంది. ‘దీర్ఘకాల వీసా’ అన్న మాట మన హోం శాఖ నిబంధనల్లో ఉంది, అయితే అది పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చిన మైనారిటీలకు, మనవాళ్లను పెళ్లి చేసుకుని వచ్చిన పాకిస్తానీ స్త్రీలకు. వాళ్లకది ఉండి తీరాలి. పౌరసత్వం తీసుకోవాలంటే 12 ఏళ్ల నివాసం చూపి, బ్రిటన్ పౌరసత్వాన్ని వదులుకోవాలి. పర్యాటకురాలిగా వచ్చిపోయే మనిషి ఆ 12 ఏళ్లు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇప్పటికే బ్రిటన్ ప్రభుత్వ పింఛను మన దేశంలో స్థిరపడినవాళ్లకు ఏటా పెరగదు, మొదట ఎంత ఉందో అంతే. అది తెలిసీ ఆవిడ ఇక్కడే ఉంటానంటున్నారు. ఆవిడ మనల్ని అడిగేది ఆ ఎర్ర పెన్ను పక్కన పెట్టేయనిమ్మని మాత్రమే.

ఆవిడ గది నుంచి చిన్నాన్న మిద్దెకు నాలుగైదు గంటల ప్రయాణం. ఒకరిది పేదరికం తోసిన ప్రయాణం, ఒకరిది భక్తి పిలిచిన ప్రయాణం. ఇద్దరినీ ఒకే గాట కట్టకూడదని నాకూ తెలుసు. ఆవిడకు ఎప్పుడైనా వెనక్కి వెళ్లే స్వేచ్ఛ ఉంది, చిన్నాన్నకు మధ్యలో వచ్చే స్వేచ్ఛ కూడా సగమే ఉండేది. కానీ ఇద్దరికీ ఒక ఊరు పూర్తిగా తెలుసు, ఆ ఊరి చట్టానికి మాత్రం వాళ్లెవరో తెలియదు.

అందుకే ఈ పని మన దేశం నుంచి మొదలు కావాలంటున్నాను. 60 ఏళ్లు దాటినవాళ్లు, విడతలుగానైనా సరే మొత్తం కలిపి పదిహేనేళ్లు ఇక్కడ చట్టబద్ధంగా ఉన్నట్టు ముద్రలు చూపగలిగినవాళ్లు, మీద కేసులేవీ లేనివాళ్లు, సొంత బీమా ఉన్నవాళ్లు. వీళ్లకు ఐదేళ్ల నివాస వీసా, ఐదేళ్లకోసారి పొడిగింపు, పని చేయకూడదన్న షరతు. దీని వల్ల ఖజానాకు పోయేది ఏమీ లేదు. పుట్టపర్తి, పుదుచ్చేరి, రిషికేశ్ లాంటి చోట్ల ఇలాంటివాళ్లు ఉన్నది ఎంతమందని? అది చేసి చూపిస్తే, గల్ఫు దేశాలతో కార్మిక ఒప్పందాల మీద మాట్లాడేటప్పుడు మన అధికారులు తలెత్తుకుని అడగవచ్చు. మా దగ్గర బతికినవాళ్లను మేం ఇలా చూసుకుంటున్నాం, మీ దగ్గర బతికిన మావాళ్ల సంగతి ఏమిటి అని.

ఇదంతా మొన్న మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు చిన్నాన్నకు చెప్పాను. కళ్లద్దాలు తీసేశారు, చూపు బాగానే ఉంది. శ్రద్ధగా విన్నారు. ఐదేళ్లు ఉండమన్నా అక్కడ ఉండనన్నారు. ఎండ తట్టుకోలేరట, చిన్నమ్మను వదిలి ఇక ఎక్కడా పడుకోరట. “మరి ఎందుకు చిన్నాన్నా వెళ్లడం?” అన్నాను.

“శుక్రవారం సాయంత్రం మాలియాలో మనవాళ్లంతా కూడతారు. అక్కడ నిలబడి ఒక టీ తాగాలి. నేను బడికి దింపిన పిల్లవాడికి ఇప్పుడు ముగ్గురు పిల్లలట, వాళ్లను చూడాలి. నీ తమ్ముడి గదిలో నాలుగు రోజులుండి వాడికి వండిపెట్టాలి. అడుక్కోకుండా, ఎవరి సంతకం లేకుండా వెళ్లాలి. అంతే నాయనా.”

తర్వాత బీరువా తెరిచి ఆ నీలం డబ్బా తెచ్చారు. అందులో ఐదో పాస్‌పోర్టు ఉంది. నాలుగోదాని గడువు దగ్గరపడుతోందని పోయిన వారం కడపకు వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చారట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పదేళ్ల గడువు, 36 పేజీలు. ఫొటోలో జుట్టుకు రంగు లేదు.